మాస్టర్ మీద సరైన రీడింగ్, జాబ్ మీద తప్పు రీడింగ్: ఒక రఫ్‌నెస్ టెస్టర్ కేసు

ఈ కేసులో తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. రోజూ ఉదయం రఫ్‌నెస్ టెస్టర్‌ను (ఉపరితలం ఎంత గరుకుగా ఉందో కొలిచే యంత్రం) మాస్టర్ ప్లేట్ (గరుకు విలువ ముందే తెలిసిన నమూనా పలక) మీద చెక్ చేసి, రిజిస్టర్‌లో "ఓకే" అని రాసే పేజీ కింద సంతకం నాదే. దాదాపు 4 నెలల పాటు ఆ సంతకానికి అర్థం లేకుండా పోయింది. కంపెనీ పేరు, కస్టమర్ పేరు, పార్ట్ నంబర్లు వదిలేస్తున్నాను. కొలతలు మాత్రం మా రిజిస్టర్‌లో ఉన్నవే.

నేపథ్యం

పార్ట్ ఒక హైడ్రాలిక్ పంపు షాఫ్ట్. హార్డెనింగ్ అయ్యాక దాని మీద జర్నల్ అనే ఒక గుండ్రటి భాగాన్ని ప్లంజ్ గ్రైండింగ్‌తో (చక్రాన్ని పక్కకు జరపకుండా నేరుగా లోపలికి దించి అరగదీయడం) ఫినిష్ చేస్తాం. పంపులో ఆయిల్ సీల్ పెదవి తిరిగేది సరిగ్గా ఆ జర్నల్ మీదే. డ్రాయింగ్‌లో ఆ ఉపరితలానికి ఆర్ఏ (సగటు గరుకు) 0.2 నుంచి 0.4 మైక్రాన్లు అని ఉంది. సీల్ తిరిగే షాఫ్టులకు మామూలుగా 0.2 నుంచి 0.8 వరకు చెబుతారు. ఈ కస్టమర్ పై హద్దును సగానికి దించారు. హద్దులు రెండు వైపులా ఎందుకంటే, గరుకు ఎక్కువైతే సీల్ పెదవి అరిగిపోతుంది, మరీ నునుపైతే పెదవి కింద నూనె పొర నిలవదు.

మా దగ్గర ఉన్నది చేతిలో పట్టుకునే స్కిడ్ రకం టెస్టర్. ఉపరితలాన్ని తాకుతూ వెళ్లే స్టైలస్ (సూది) మొన డైమండ్, వ్యాసార్ధం 2 మైక్రాన్లు, కోణం 60 డిగ్రీలు. నొక్కే బలం 0.75 మిల్లీన్యూటన్లు. దాని పక్కనే స్కిడ్ అనే చిన్న నున్నటి కాలు ఉపరితలం మీద ఆనుకుని జారుతుంది. స్టైలస్ ఎంత పైకీ కిందకీ కదిలిందో ఆ కాలితో పోల్చి చూస్తుంది యంత్రం. కస్టమర్ ల్యాబులో ఉన్నది టేబుల్ మీద పెట్టే స్కిడ్ లేని యంత్రం. దానికి లోపలే వంపులేని తిన్నని ఆధారం ఒకటి ఉంటుంది. స్టైలస్ కదలికను ఆ ఆధారంతో పోల్చి కొలుస్తుంది.

మా టెస్టర్‌కు బయటి ల్యాబు ఇచ్చిన కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంది, గడువూ మిగిలే ఉంది. ఆడిట్‌లో ఎవరు అడిగినా ఫైలు తీసి చూపించేవాళ్లం.

సమస్య ఎలా వచ్చింది

కస్టమర్ ఒక లాట్‌ను ఆపేశారు. 8 షాఫ్టులు తీసి, ఒక్కోదాన్ని మూడు చోట్ల కొలిచారు. మొత్తం 24 రీడింగులూ 0.48 నుంచి 0.55 మధ్య ఉన్నాయి, సగటు 0.52. అదే లాట్‌కు మేం పంపిన రిపోర్టులో సగటు 0.33.

మొదటి ఫోన్ కాల్ గురించి చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. మేం వాదనకు దిగాం. 1996 నాటి ఐఎస్‌ఓ 4288 అనే అంతర్జాతీయ ప్రమాణంలో 16 శాతం నియమం ఒకటి ఉంది. తీసుకున్న రీడింగుల్లో 16 శాతానికి మించకుండా పై హద్దు దాటినా ఉపరితలాన్ని అంగీకరించవచ్చు అంటుంది అది. మావాళ్లలో ఒకరు దాన్ని బయటకు తీశారు. అవతలి నుంచి ప్రశాంతంగా ఒకే మాట వచ్చింది: "24కి 24 దాటాయండీ." ఆ తర్వాత ఆ నియమం గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్ పెట్టగానే నేను చేసిన మొదటి పని, టెస్టర్‌ను మాస్టర్ ప్లేట్ మీద పెట్టడం. ప్లేట్ మీద రాసి ఉన్న విలువ 2.95, టెస్టర్ చూపించింది 2.94. మళ్లీ పెడితే 2.95. "మన యంత్రం బాగానే ఉంది, వాళ్లదే చూసుకోమనండి" అని మీటింగులో చెప్పింది నేనే. ఈ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఏ దిక్కున తప్పుతోంది

రెండు రోజులు పోయాక, టెన్షన్ కాస్త తగ్గాక, కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాను. మా రీడింగ్ తక్కువ, వాళ్లది ఎక్కువ. వాళ్లే తప్పు అనుకుంటే వాళ్ల రీడింగ్ ఎందుకు పెరుగుతుంది? ఉపరితలం మీద దుమ్ము, ఎండిన కూలెంట్ మరక, టేబుల్ కంపనం, రవాణాలో పడిన గీతలు. ఇవన్నీ రీడింగ్‌ను పెంచేవే. మాదే తప్పు అనుకుంటే మా రీడింగ్ ఎందుకు తగ్గుతుంది? కటాఫ్ చిన్నదిగా పెట్టడం, స్టైలస్ మొన పెద్దదవడం, స్కిడ్, గ్రైండింగ్ గీతలకు అడ్డంగా కాకుండా వాటి వెంటే కొలవడం. అంతకు మించి పెద్దగా లేవు.

తప్పు ఏ దిక్కున ఉందో చూస్తే అనుమానించాల్సిన కారణాల్లో సగం వాటంతటవే పోతాయి. కానీ ఆ పని మొదటి రోజు చేయలేదు. కారణాల జాబితా మొత్తం ముందేసుకుని ఏది కనిపిస్తే దాన్ని చెక్ చేస్తూ పోయాం.

ముందు వాళ్ల వైపు కారణాలు తేల్చాలి. 5 షాఫ్టులు తీసుకుని, ఒక్కోదాని మీద 120 డిగ్రీల తేడాతో మూడు చోట్ల మార్కర్‌తో గుర్తు పెట్టాం. శుభ్రంగా తుడిచి, మేం కొలిచి, ప్యాక్ చేసి పంపాం. వాళ్లు తుడిచి, అవే గుర్తుల దగ్గర కొలిచి తిరిగి పంపారు. మేం మళ్లీ కొలిచాం. మా మొదటి సగటు 0.33, వాళ్లది 0.52, తిరిగొచ్చాక మాది మళ్లీ 0.33. దుమ్మో మరకో అయితే తేడా ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ ఉండేది. ఇక్కడ 15 చోట్లా తేడా దాదాపు ఒకే నిష్పత్తిలో ఉంది. ఉపరితలం మారలేదు. దాన్ని చూస్తున్న రెండు యంత్రాల్లో ఒకటి ప్రతిసారీ ఒకేలా తప్పు చూస్తోంది.

గీతల వెంట కొలవడం అన్నది షాఫ్టు మీద కుదరని పని. పికప్ (స్టైలస్ ఉండే భాగం) షాఫ్టు పొడవునా కదులుతుంది, గ్రైండింగ్ గీతలు చుట్టూ ఉంటాయి. కాబట్టి ఆ అనుమానం పోయింది. మిగిలినవి కటాఫ్, స్కిడ్, మొన.

దొరికిందనుకున్న కారణం

టెస్టర్ మెనూలోకి వెళ్లి చూస్తే కటాఫ్ 0.25 మి.మీ. అని ఉంది. ఉండాల్సింది 0.8.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. కటాఫ్ అంటే ఏది గరుకు, ఏది అల అని విడదీసే జల్లెడ కన్ను లాంటిది. దానికన్నా పొడవైన ఎత్తుపల్లాలను యంత్రం అలలుగా లెక్కగట్టి పక్కన పెట్టేస్తుంది. కన్ను చిన్నదైతే కొంత నిజమైన గరుకు కూడా అలల్లో కొట్టుకుపోయి ఆర్ఏ తగ్గుతుంది. గ్రైండింగ్ లాంటి క్రమం లేని ఉపరితలాలకు, ఆర్ఏ 0.1 నుంచి 2 మైక్రాన్ల మధ్య ఉంటే, 0.8 మి.మీ. కటాఫ్, దానికి ఐదింతలు అంటే 4 మి.మీ. కొలత పొడవు అని ఐఎస్‌ఓ 4288 పట్టిక చెబుతుంది. మా జర్నల్ మీద అంత చోటు ఉంది. మరి 0.25 ఎందుకు పెట్టారు? అదే టెస్టర్‌తో ఇంకో పార్ట్‌పై 2 మి.మీ. వెడల్పున్న సన్నటి కాలర్‌ను కొలుస్తాం. అక్కడ 0.8 పెడితే పికప్‌కు పరిగెత్తే చోటే ఉండదు. దాని కోసం మార్చిన సెట్టింగ్‌ను తిరిగి వెనక్కి మార్చలేదు. ఎప్పటి నుంచి అలా ఉందో పాత ప్రింటౌట్లు తిరగేస్తే, ఈ పార్ట్ మొదలైన రోజు నుంచీ అంతే.

ఆ సాయంత్రమే కస్టమర్‌కు మెయిల్ పెట్టాను. కారణం దొరికింది, సెట్టింగ్ సరిచేశాం, క్షమించండి అని. మెయిల్ పంపేముందు సరైన కటాఫ్‌తో ఒక్క షాఫ్టునైనా కొలిచి ఉండాల్సింది. మర్నాడు కొలిస్తే సగటు 0.36 వచ్చింది. 0.33 నుంచి 0.36కి పెరిగింది. నిజమైన తప్పే దొరికింది, నిజంగానే సరిచేశాం. కానీ 0.52 ఇంకా ఎక్కడో దూరంగా ఉంది.

పనిలో ఇలాంటి ఘడియే ప్రమాదకరం. ఒక తప్పు దొరికితే, అది చిన్నదైనా సరే, దాని మీదే భారమంతా వేసేయాలనిపిస్తుంది. "కటాఫ్ వల్ల కొంత, మిగతాది రెండు యంత్రాల మధ్య మామూలుగా ఉండే తేడా" అని మా మీటింగులో అన్నవాళ్లు ఉన్నారు. 0.36కూ 0.52కూ మధ్య తేడా మామూలుది కాదు. అదే డ్రాయింగ్ హద్దుకు రెండు వైపులా ఉన్న తేడా.

దొడ్డిదారి, దాని ఫలితం

ఈలోగా డెలివరీ ఒత్తిడి పెరిగింది. కారణం దొరికే దాకా లైన్ ఆపలేమన్నారు. దాంతో ఒక దొడ్డిదారి ఆలోచించాం. వాళ్ల రీడింగ్ మా రీడింగ్‌కు దాదాపు 1.45 రెట్లు వస్తోంది కదా. మన టెస్టర్ మీద 0.25 వచ్చేలా గ్రైండ్ చేస్తే వాళ్ల దగ్గర 0.36 వస్తుంది, పాసవుతుంది. లెక్క ప్రకారం తప్పు లేదు.

ఆపరేటర్ వీల్ డ్రెస్సింగ్‌లో (గ్రైండింగ్ చక్రం ముఖాన్ని డైమండ్‌తో చెక్కి సరిచేసే పని) డైమండ్ నడక వేగాన్ని బాగా తగ్గించాడు. వీల్ ముఖం నునుపుగా వచ్చింది, ఫినిష్ కూడా నునుపుగా వచ్చింది. మా రీడింగ్ 0.25, కస్టమర్ రీడింగ్ 0.37. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజు నైటాల్ ఎచింగ్‌లో (కాలిన చోట్లు కనిపించేలా యాసిడ్ ద్రావణంతో చేసే పరీక్ష) 10 షాఫ్టుల్లో మూడింటి మీద నల్లటి మచ్చలు బయటపడ్డాయి. గ్రైండింగ్ బర్న్, అంటే గ్రైండింగ్ వేడికి కాలిన మచ్చలు.

చెప్పుకోవడానికి వింత ఏమీ లేదు. వీల్‌ను మరీ నునుపుగా డ్రెస్ చేస్తే రేణువులు కోయడం మాని రుద్దుతాయి, వేడి పుడుతుంది, హార్డెన్ అయిన పొర టెంపర్ అయిపోయి మెత్తబడుతుంది. ఫీడ్ తగ్గించి సర్దుకోవచ్చు, కానీ అందుకు సైకిల్ టైమ్ పెరుగుతుంది, మళ్లీ ప్రాసెస్ మొత్తం పరీక్షించాలి. నాకు కొట్టినట్టు అర్థమైంది మాత్రం వేరే విషయం. కారణం తెలియని ఒక నిష్పత్తిని ఆధారం చేసుకుని ప్రాసెస్‌ను తిప్పేశాం. కొలతలో ఉన్న జబ్బుకు మెషిన్‌కు మందు వేశాం. ఆ 10 షాఫ్టులూ రఫ్‌నెస్‌లో పాసై, స్క్రాప్ డబ్బాలోకి వెళ్లాయి. సెట్టింగ్‌ను పాత చోటికి తెచ్చి, గ్రైండింగ్‌ను ఆపించేశాను. దానికి పడ్డ చీవాట్లు వేరే.

స్కిడ్ మీద అనుమానం

జాబితాలో మిగిలినవి స్కిడ్, మొన. ముందు స్కిడ్‌ను పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే దానికి బలమైన కారణమేమీ లేదు. రెండు యంత్రాల మధ్య కంటికి కనిపించే తేడా అదే కాబట్టి. స్కిడ్ కూడా ఉపరితలం మీదే ఆనుకుని నడుస్తుంది. ఉపరితలం పొడవైన అలలా లేచి పడుతుంటే స్కిడ్ కూడా దాంతోపాటు లేచి పడుతుంది, ఆ అల రీడింగ్‌లో కనిపించకుండా పోతుంది. అయితే 0.8 కటాఫ్ పెట్టాక ఆ పొడవైన అలలను ఫిల్టర్ ఎలాగూ తీసేస్తుంది. కొన్ని మైక్రాన్ల నుంచి పదుల మైక్రాన్ల వెడల్పుండే గ్రైండింగ్ గీతల మీద స్కిడ్ ప్రభావం ఇంత పెద్దగా ఉండకూడదు. ఉండకూడదు అనుకోవడం వేరు, లేదని చూపించడం వేరు.

మా దగ్గర స్కిడ్ లేని యంత్రం లేదు. కస్టమర్ ఇంజినీరును అడిగితే, వాళ్ల షాపులో మాలాంటిదే, అదే మోడల్ స్కిడ్ టెస్టర్ ఉందన్నాడు. మా గుర్తు పెట్టిన షాఫ్టులను దాని మీద 0.8 కటాఫ్‌తో కొలవమన్నాను. వచ్చింది 0.50. వాళ్ల సొంత ల్యాబు యంత్రానికీ దానికీ తేడా 0.02. స్కిడ్ నిర్దోషి అని తేలింది. ఒకే మోడల్, ఒకే సెట్టింగ్, ఒకే షాఫ్ట్. వాళ్ల దగ్గర 0.50, మా దగ్గర 0.36.

గ్రాఫ్ చెప్పిన సంగతి

ఆ రాత్రి రెండు చోట్లా తీసిన ప్రింటౌట్లను ముందేసుకున్నాను. అంతకుముందు ఎన్నోసార్లు చూసినవే. చూసింది మాత్రం చివర్లో ఉన్న అంకెనే. ఆర్ఏ పక్కనే ఆర్‌జెడ్ (ఎత్తైన శిఖరం నుంచి లోతైన లోయకు ఉండే ఎత్తు సగటు) కూడా ఉంది: వాళ్లది 3.9, మాది 2.3. ఆర్ఏ మాకు వాళ్లలో 69 శాతం వస్తుంటే ఆర్‌జెడ్ 59 శాతమే వస్తోంది. యంత్రం అన్నిటినీ సమానంగా తగ్గించి చూపిస్తుంటే, అంటే ఎలక్ట్రానిక్ గెయిన్ తప్పైతే, రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గాలి. ఇక్కడ లోతైనవే ఎక్కువగా పోతున్నాయి.

తర్వాత గ్రాఫులు. రెండిటి నిలువు స్కేలూ వేరు. యంత్రం తనకు తానుగా స్కేలు ఎంచుకుని, తక్కువ ఎత్తున్న గీతను కూడా సాగదీసి కాగితం నిండా గీస్తుంది. అందుకే ఇన్నాళ్లూ రెండూ ఒకేలా కనిపించాయి. స్కేళ్లను సమానం చేసి మళ్లీ ప్రింట్ తీయించి పక్కపక్కన పెట్టాను. వాళ్ల గ్రాఫ్ రంపం పళ్లలా ఉంది, పైకీ కిందకీ వాడిగా. మా గ్రాఫ్‌లో శిఖరాలు చదునైన దిబ్బల్లా ఉన్నాయి, వాటి మధ్య లోయలు బ్లేడుతో చీరినట్టు సన్నగా, పైపైన.

పెద్ద బంతిని గులకరాళ్ల మీద దొర్లించండి. రాయి మీద ఎక్కినప్పుడు బంతి చాలాసేపు పైనే ఉంటుంది, కాబట్టి రాయి ఉన్నదానికన్నా వెడల్పుగా తెలుస్తుంది. రెండు రాళ్ల సందులోకి బంతి దిగలేదు, అంచుల మీద ఆగి మళ్లీ పైకి వెళ్తుంది, కాబట్టి సందు ఉన్నదానికన్నా సన్నగా, లోతు లేకుండా తెలుస్తుంది. మా గ్రాఫ్ అచ్చంగా అదే. మొన లోయల్లోకి దిగడం లేదు.

పికప్‌ల మార్పిడి

అనుమానం ఒకటి, రుజువు ఇంకొకటి. కటాఫ్ మెయిల్ అనుభవం ఉంది కాబట్టి ఈసారి ముందే ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా టెస్టర్, పికప్, మాస్టర్ ప్లేట్, గుర్తు పెట్టిన షాఫ్టులు తీసుకుని కస్టమర్ దగ్గరికే వెళ్లాను. ఒకే మోడల్ కాబట్టి పికప్‌లు ఒకదానికొకటి సరిపోతాయి. మా బాడీకి వాళ్ల పికప్ పెట్టి, మాస్టర్ మీద సర్ది, షాఫ్టును కొలిస్తే 0.50. వాళ్ల బాడీకి మా పికప్ పెట్టి, అలాగే సర్ది కొలిస్తే 0.36. తప్పు పికప్ వెంటే వెళ్లింది. బల్బు వెలగకపోతే ఇంకో హోల్డర్‌లో పెట్టి చూసే పద్ధతి ఇది. దీన్ని చేయడానికి మాకు మూడు వారాలు పట్టింది.

అక్కడే వాళ్ల టూల్‌రూమ్ మైక్రోస్కోపు కింద మా మొనను చూశాం. 2 మైక్రాన్ల మొన ఉండాల్సిన చోట దాదాపు 18 మైక్రాన్ల వెడల్పున విరిగిన చదును. మొదట వంకరగా వెలుగుతున్న చిన్న మరకలా కనిపించింది, ఫోకస్ సరిచేశాక అది డైమండ్ విరిగిన ముఖమని తెలిసింది.

మరి మాస్టర్ ఎందుకు పట్టించలేదు

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇదే. విరిగిన మొనతో కూడా మాస్టర్ మీద 2.94, 2.95 ఎలా వచ్చింది?

మా మాస్టర్ ప్లేట్ మీద ఉన్నవి సైన్ ఆకారపు అలలు, ఒక అల నుంచి ఇంకో అలకు దూరం 0.1 మి.మీ., అంటే 100 మైక్రాన్లు. ఆర్ఏ 2.95 అంటే మధ్య గీత నుంచి శిఖరానికి ఎత్తు సుమారు 4.6 మైక్రాన్లు. 100 మైక్రాన్ల వెడల్పులో 9 మైక్రాన్ల లోతు. కాగితం మీద నిటారుగా కనిపిస్తుంది కానీ నిజానికి అది లోయ కూడా కాదు, పళ్లెం. దాని అడుగున వంపు వ్యాసార్ధం లెక్కేస్తే 50 మైక్రాన్ల పైనే వస్తుంది. 2 మైక్రాన్ల మొన ఎలా అడుగుకు దిగుతుందో, 18 మైక్రాన్ల చదును కూడా దాదాపు అలాగే దిగుతుంది. ఎత్తు తేడా దాదాపు పూర్తిగా చదువుతుంది. అరాకొరా తేడా ఉన్నా కాలిబ్రేషన్ బటన్ నొక్కగానే గెయిన్ సర్దుకుని 2.95 చూపిస్తుంది. మాస్టర్ మీద చెక్ అంటే యంత్రం ఎత్తును సరిగా పెద్దది చేస్తోందా అన్న పరీక్ష. మొన సన్నగా ఉందా అన్న పరీక్ష కాదు. నేను రోజూ సంతకం పెట్టింది మొదటిదానికి, నమ్మింది రెండోదాన్ని.

ఇంకా మింగుడుపడనిది ఒకటుంది. అదే ప్లేట్ మీద, పెద్ద అలల ప్యాచ్ పక్కన, గోరంత వెడల్పున రెండో ప్యాచ్ ఉంది. కంటికి నున్నటి అద్దంలా కనిపిస్తుంది. దాని కింద 0.40 అని చెక్కి ఉంది. మేమంతా దాన్ని ఏదో కంపెనీ ముద్రో, తుడవడానికి వదిలిన చోటో అనుకున్నాం. మొన అరుగుదలను చూడటానికే ఇచ్చిన సన్నటి గీతల ప్యాచ్ అది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఆ సంగతి రాసే ఉంది. మా పికప్‌తో దాని మీద పెడితే 0.28 వచ్చింది. కొత్త పికప్‌తో 0.40. రోజూ ఉదయం రిజిస్టర్ రాసే చోటికి రెండు సెంటీమీటర్ల దూరంలో సమాధానం ఉంది.

బయటి ల్యాబు సర్టిఫికెట్‌లో తప్పేమీ లేదు. మొన విరగక ముందు ఇచ్చింది అది. పరీక్షించిన రోజు యంత్రం ఎలా ఉందో సర్టిఫికెట్ చెబుతుంది, మర్నాటి సంగతికి దానికి పూచీ లేదు.

ఎప్పుడు విరిగింది, ఎన్ని లాట్లు

కొత్త పికప్‌తో మా సగటు 0.51. అంటే కస్టమర్ చెప్పిందే నిజం, షాఫ్టులు నిజంగానే హద్దు దాటాయి. అక్కడితో కొలత కథ ముగిసి, అంతకన్నా కష్టమైన కథ మొదలైంది. ఎప్పటి నుంచి దాటుతున్నాయి?

కంట్రోల్ చార్ట్ (రీడింగులను రోజుల వారీగా గీసే గ్రాఫ్) తీశాం. అంతకుముందు నెలల తరబడి సగటు 0.33 దగ్గర ఉంది. ఒక వారంలో ఉన్నట్టుండి 0.23కు దిగింది. మూడు వారాలు అక్కడే ఉండి, మళ్లీ 0.33కు వచ్చింది. దిగిన ఆ రోజుల్లో నోట్స్ కాలమ్‌లో ఎవరో "మంచి ఫినిష్" అని రాశారు. నాకూ ఆ వారం గుర్తే. కొత్త వీల్ బాగా పనిచేస్తోందని అందరం సంతోషించాం. చార్ట్ మీద పైకి ఎక్కితే గంట మోగించే ఏర్పాటు ఉంది. 0.23 కింది హద్దు లోపలే ఉంది, కాబట్టి కిందికి దిగితే ఎవరూ ప్రశ్నించలేదు. మొన విరిగింది ఆ వారమే.

మళ్లీ 0.33కు ఎలా పెరిగింది? అది మా పనే. ఫినిష్ ఇంత బాగుంది కదా, కాస్త మార్జిన్ ఉంది కదా అని స్పార్క్ అవుట్ సమయాన్ని (చివర్లో వీల్‌ను ఇంకా లోపలికి దించకుండా తిప్పే సమయం) 6 సెకన్ల నుంచి 3 సెకన్లకు తగ్గించి, డ్రెస్సింగ్ వేగం పెంచారు. సైకిల్ టైమ్ తగ్గింది. నిజమైన గరుకు 0.36 నుంచి 0.52కు పెరిగింది. విరిగిన మొన దాన్ని 0.33గా చూపించింది. చార్ట్ పాత చోటికే తిరిగొచ్చింది కాబట్టి చూసినవాళ్లకు అంతా మామూలుగానే ఉంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి.

ఇక్కడ మమ్మల్ని కాపాడింది ఒక పాత అలవాటు. ప్రతి లాట్ నుంచి ఒక షాఫ్టును తేదీ రాసి దాచేవాళ్లం. కొత్త పికప్‌తో వాటన్నిటినీ కొలిచాం. మొన విరగక ముందువి 0.35 నుంచి 0.37. విరిగాక, స్పార్క్ అవుట్ తగ్గించక ముందువి కూడా అంతే. తగ్గించాకవి 0.48 పైన. మొన విరిగిన రోజు నుంచి లెక్కేస్తే 7 లాట్లను అనుమానించాలి. నిజంగా చెడ్డవి స్పార్క్ అవుట్ మార్చాక వచ్చిన మూడే. దాచిన పీసులు లేకపోతే ఏడింటినీ వెనక్కి పిలవాల్సి వచ్చేది. లాట్‌కు ఒక్క పీసు చాలా తక్కువ సాక్ష్యమే. అయినా ప్రాసెస్ మార్పు తేదీ, చార్ట్, పీసులు మూడూ ఒకే చోట కలిశాయి కాబట్టి కస్టమర్ ఒప్పుకున్నారు.

మూడింట్లో ఒకటి కస్టమర్ ఆపిన లాట్, ఒకటి మా స్టాకులో ఉంది, ఒకటి అప్పటికే పంపుల్లో బిగించేశారు. మొదటి రెండిటినీ అబ్రేసివ్ ఫిల్మ్‌తో పాలిష్ చేశాం. శిఖరాలు తెగి ఆర్ఏ 0.3 దగ్గరికి వచ్చింది, వ్యాసం సుమారు 2 మైక్రాన్లు తగ్గింది. అప్పటికే వ్యాసంలో కింది హద్దు దగ్గరున్నవి స్క్రాప్ అయ్యాయి. పాలిష్ చేసేటప్పుడు ఫిల్మ్‌ను ఒకే దిక్కుకు జరుపుతూ పోతే స్క్రూ మరలా సన్నటి వాలు గీతలు పడతాయి. షాఫ్ట్ తిరుగుతుంటే అవి నూనెను సీల్ కిందనుంచి బయటకు పంపు చేయగలవు. ఆర్ఏ ఎంత బాగున్నా లీక్ కావచ్చు. అందుకే ఫిల్మ్‌ను జరపకుండా ఒక చోటే చిన్నగా అటూ ఇటూ ఊపుతూ చేశాం, పాలిష్ అయ్యాక దారం పరీక్ష పెట్టాం. నూనె రాసిన షాఫ్టును నెమ్మదిగా తిప్పుతూ దాని మీద బరువు వేలాడదీసిన దారాన్ని ఆనిస్తే, మర గీతలు ఉన్నచోట దారం పక్కకు నడుస్తుంది. మావాటి మీద నడవలేదు. బిగించేసిన పంపులను కస్టమర్ ఎండ్యూరెన్స్ టెస్టులో పెట్టి, లీక్ రాకపోవడంతో డీవియేషన్ (హద్దు దాటినా ఇచ్చే ప్రత్యేక అనుమతి) మీద అంగీకరించారు.

మొన ఎలా విరిగిందో రాసిన కాగితం ఏదీ లేదు. నేరం మోపకుండా మాటల్లో అడిగితే, రాత్రి షిఫ్టులో ఒకతను చెప్పాడు: "ఆ రోజు కొలత అయ్యాక ఎత్తుతుంటే పికప్ కాలర్‌కు తట్టుకుంది సార్. మాస్టర్ మీద పెట్టి చూశాను, 2.95 వచ్చింది, అందుకే చెప్పలేదు." అతను తప్పు దాచలేదు. మేం నేర్పిన పరీక్షే చేశాడు, పాసయ్యాడు.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

రోజూ రెండు ప్యాచ్‌లూ కొలుస్తాం. చిన్న ప్యాచ్ 0.40కి 10 శాతం కిందకు, అంటే 0.36 కన్నా తగ్గితే ఆ పికప్ పక్కకు పోతుంది. గెయిన్ సర్దడం పెద్ద ప్యాచ్ మీద మాత్రమే, చిన్న ప్యాచ్ మీద సర్దకూడదు. సర్దితే విరిగిన మొనను కూడా బాగున్నట్టు చూపించేలా యంత్రానికి మనమే నేర్పినట్టవుతుంది. ఈ ఒక్క మాటను టెస్టర్ పెట్టె మూత మీద అంటించాం. ప్రతి పార్టుకూ కటాఫ్‌ను ఇన్‌స్పెక్షన్ షీటులోనే రాస్తాం. 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 21920 వరుస ప్రమాణాలు పాత 4288 స్థానంలోకి వచ్చాయి. అంగీకార నియమంతో సహా డిఫాల్టులు మారాయి కాబట్టి, డ్రాయింగ్ ఏ ప్రమాణం ప్రకారం గీసిందో కూడా కస్టమర్‌ను అడిగి షీటు మీద వేస్తున్నాం.

కాలర్ పక్కన కొలిచే చోట ఫిక్స్చర్‌కు ఒక స్టాప్ పిన్ పెట్టించాం. చార్ట్‌లో కిందికి దిగినా గంట మోగుతుంది. ఈ చివరి మార్పుకు మొదట్లో నవ్వారు, ఫినిష్ బాగుపడితే ఎంక్వయిరీ ఏమిటని. ఆ తర్వాత ఒకసారి అలా మోగింది. పికప్ బాగానే ఉంది, నిజంగానే వీల్ స్పెసిఫికేషన్ మారింది, స్టోర్స్ వాళ్లు చెప్పలేదు.

విరిగిన పికప్‌ను పారేయలేదు. ఎర్ర ట్యాగు కట్టి నా డ్రాయర్‌లో ఉంచాను. ఇన్‌స్పెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లకు ట్యాగు తీసేసి దాన్నే ఇస్తాను, మాస్టర్ ప్లేట్‌తో పాటు. యంత్రం బాగుందో లేదో చూసి రిజిస్టర్‌లో రాయమంటాను. పెద్ద ప్యాచ్ మీద పెడతారు, 2.95 వస్తుంది. ఇప్పటివరకు ముగ్గురు "ఓకే" అని రాసి సంతకం పెట్టారు. ఒకమ్మాయి మాత్రం ప్లేట్‌ను వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ చిన్నది దేనికి సార్ అని అడిగింది.